పుట్టిలో బావ చోటు

మా బావ చేప తినేవాడు కాదు. పట్టేవాడు, రెండు చేతుల్లో పెట్టుకుని కాసేపు చూసేవాడు, మళ్ళీ నీళ్ళల్లోకి వదిలేసేవాడు. ఈ మాట విని కంప్లి పక్కనున్న మా ఎమ్మిగనూరులో నవ్వని మనిషి లేడు. టీ అంగడి దగ్గర లారీ ఆపితే చాలు, "ఏందప్పా, మీ బావ పెళ్ళిచూపులకు పోయినట్ల చేపల్ని చూసి వస్తాడంట గదా" అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళ మీద వచ్చిన కోపమంతా తీసుకెళ్ళి బావ మీద చూపించేవాణ్ణి. ఆయన మాత్రం నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

ఈ పిచ్చి ఆయనకు ఉత్తరాది కొండల్లో తగులుకుంది. తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు కదా, ఏదో ట్రైనింగుకని పంపితే, అక్కడ ఎవరో సెలవు రోజున చల్లటి ఏటి దగ్గరికి తీసుకెళ్ళి ట్రౌట్ చేపను ఎట్లా పట్టాలో నేర్పించారట. పక్కనే ఒక గైడు నిలబడి, నీళ్ళు ఎక్కడ ఎట్లా తిరుగుతాయో చూపిస్తాడట. ఎర ఉండదు, వానపాము ఉండదు. కోడి ఈకతో, దారంతో గాలాన్ని ఈగలాగా కట్టి, అది నీటిమీద వాలినట్టు వెయ్యాలి. నిజం ఈగ అనుకుని చేప పైకి లేచి అందుకోవాలి. "మన తుంగభద్రలో ట్రౌట్ యాడుంటాది బావా, నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచాను. "చేప మారినా విద్య మారదురా" అన్నాడు.

ఆ ఈగలు కట్టేది మా అక్క. ఊళ్ళో జాకెట్లు కుట్టే మనిషి, చెయ్యి చక్కగా ఆడుతుంది. మిషను దారంతో ఈకను చుట్టి, చివర నారింజ రంగు దారంతో మెడ బిగించి, పంటితో కొరికి తెంపేది. గాలానికి ఉండే వెనకముల్లును బావ పట్టకారుతో ముందే నొక్కేసేవాడు. అట్లా చేస్తే చేప తొందరగా విడిపించుకోగలదని, పొరపాటున దారం తెగి గాలం నోట్లో ఉండిపోయినా నాలుగు రోజుల్లో రాలిపోతుందని చెప్పేవాడు. తిట్టుకుంటూనే నేను కూడా ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్నాను. విసరడం పెద్ద కష్టం కాదు. విసిరిన తరువాతే ఉంది అసలు సంగతి. ఏటి వడి దారాన్ని లాగుతుంది, దారం ఈగను లాగుతుంది, చేపకు అనుమానం వస్తుంది. అందుకని దారం నడుము మాత్రం మెల్లగా ఎత్తి, వడికి ఎగువగా పడుకోబెట్టాలి. ఈగ కదలకూడదు. నా తొందరకు అది కుదిరేది కాదు. ఎప్పుడూ ఏ తుమ్మకొమ్మకో తగిలించి, తుమ్మచెట్టును తిట్టేవాణ్ణి.

పోయిన శ్రావణంలో డ్యాం గేట్లు ఎత్తారు. బావను ఎప్పుడూ ఏట్లో తిప్పే మనిషి ఒకడున్నాడు, పుట్టి నడుపుతాడు, వల వేస్తాడు, ఏటి ఒడ్డునే ఇల్లు. బావ అతన్ని సరదాకు గైడు అని పిలిచేవాడు. ఆ రోజు నీళ్ళు ఎక్కువున్నాయి, రానన్నాడట అతను. బావ ఒక్కడే పోయాడు. సాయంత్రానికి ఒడ్డున బండి, బండ మీద చెప్పులు దొరికాయి. అంతే. పోలీసులు వచ్చారు, వలలు వేశారు, కంప్లి కింద దాకా వెతికారు. మనిషి దొరకలేదు. మొసలి ఎత్తుకుపోయి ఉంటుందని ఎవరో అంటే, మా అక్క చేతిలోని ఇత్తడి చెంబు విసిరి కొట్టింది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. "ఆయన పోయినాడని మీకు తెల్సునేమో, నాకు తెలీదు" అనింది.

పోయినోడి కండ్లు చారెడు అన్నట్లు, బతికినన్నాళ్ళూ బావను ఎగతాళి చేసిన చుట్టాలంతా ఆయనంత మంచివాడు లేడన్నారు. నెల తిరిగేసరికి మాట మార్చారు. శవం దొరకకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు, కర్మ చేస్తారు. అది జరగాలి, లేకపోతే ఆయన అటూ కాడు ఇటూ కాడు. అక్క ఒప్పుకోవాలి. ఒప్పించే పని తమ్ముణ్ణి కాబట్టి నా నెత్తిన పడింది. నేను వారం వారం పోయి అరిచేవాణ్ణి, బతిమాలేవాణ్ణి, మళ్ళీ అరిచేవాణ్ణి. ఒకనాడు జాకెట్ గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తకుండా అనింది:

"ఒక్క దినం రా. ఆయన ఎప్పుడూ పోయినట్లే పోదాం. అదే పుట్టి, అదే మనిషి. పొద్దున పోయి పొద్దు మునిగేదాకా ఉందాం. నువ్వు ఆయన మాదిరే ఈగ వెయ్యి. ఆయన ఉండాడని నాకు ఏ గుర్తూ అగపడకపోతే నువ్వు చెప్పినట్ల వింటా."

హమ్మయ్య అనుకున్నాను. ఆషాఢంలో ఏట్లో ఏం కనబడుతుంది, బండలు తప్ప!

మేము కారులో పోయేసరికి గైడు పుట్టిని నీళ్ళల్లో పెట్టి సిద్ధంగా ఉన్నాడు. వెదురు అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పుట్టి. అక్కను చూశాడు గాని రమ్మనలేదు, కూర్చోమనలేదు. వంగి నీళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ తరువాత నాకు ఒక చోటు చూపించాడు, అక్కకు ఒక చోటు. అక్క పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. అక్కడ గోనెసంచి ఒకటి మడిచి పరిచి ఉంది. నా సంచి అక్కడ పెట్టబోయాను. అతను గబుక్కున లాక్కుని తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఆడ బేడప్పా."

"ఎందుకు? ఏముండాది ఆడ?"

"సుమ్నే. బేడ అంతే."

కన్నడంలో బేడ అంటే వద్దు అని, సుమ్నే అంటే ఊరికే అని. ఈ జిల్లాలో చెప్పడం ఇష్టం లేని ప్రతిదానికీ ఆ సుమ్నేనే జవాబు. నాకు ఒళ్ళు మండింది గాని, పొద్దున్నే గొడవెందుకని పోయి నా చోట్లో కూర్చున్నాను.

ఏరు బాగా తగ్గిపోయి ఉంది. బండల మధ్య మడుగులు, మడుగుకూ మడుగుకూ మధ్య సన్నటి పాయలు. ఒడ్డున చెరకు తోటల్లో ఆకు కదలడం లేదు. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. తెడ్డు నీళ్ళల్లో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి నేను ఒక సంగతి గమనించాను. పుట్టి ఒకవైపుకు ఒరిగి పోతోంది. నేనేమో బస్తా అంత మనిషిని, అవతల కూర్చున్నాను. అక్క ఈనెపుల్ల. న్యాయంగా నావైపు ఒరగాలి. అది మాత్రం గోనెసంచి ఉన్న వైపు ఒరుగుతోంది.

"నీ పుట్టి వంకర పోయిందప్పా" అన్నాను.

"వంకర లేదప్పా" అన్నాడు.

మొదటి మడుగు దగ్గర నా గాలం రాడ్డు అందుకుని చెయ్యి ఎత్తాను. "తాళప్పా" అని ఆపాడు గైడు. గోనెసంచి వైపు చూశాడు. ఎవరన్నా పెద్దమనిషి అనుమతి ఇచ్చేదాకా ఆగినట్టు ఆగాడు. తరువాత "ఇంక వెయ్యి" అన్నాడు. నేను అక్క ముఖం చూశాను. ఆమె కూడా ఆ సంచినే చూస్తోంది. కూర్చున్నదల్లా కాస్త పక్కకు సర్దుకుని, చీర కుచ్చిళ్ళు ఒళ్ళోకి తీసుకుంది, బస్సులో పక్క సీటువాళ్ళకు తగలకుండా తీసుకున్నట్టు.

మధ్యాహ్నం దాకా ఏమీ పడలేదు. గైడు చూపించిన చోటల్లా వేశాను. బండ వెనక నీళ్ళు వెనక్కి తిరిగే చోటు, రెండు పాయలు కలిసే చోటు, నురుగు నిలిచే చోటు. ఆ రోజు నా చెయ్యి ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఆడింది. ఒక్క తుమ్మకొమ్మకూ తగల్లేదు. అది కూడా నాకు నచ్చలేదు. నా చెయ్యి సంగతి నాకు తెలియదా?

పెద్ద బండ అవతల నుంచి ఎవరో ఈల వేశారు. సన్నగా, రెండుసార్లు. బావ ఇంటికొచ్చేటప్పుడు వీధి మలుపులో అట్లాగే వేసేవాడు. అక్క తల తిప్పింది.

"నీటికుక్కక్కా. అవి అట్లనే కూస్తాయి" అన్నాను.

"తెలుసు" అనింది. చూపు మాత్రం తిప్పలేదు.

పొద్దు వాలుతున్నప్పుడు గైడు మమ్మల్ని ఒక ఇరుకు పాయ దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు బండల మధ్య నీళ్ళు తోసుకుని వచ్చి, కింద నల్లటి మడుగులో పడుతున్నాయి. ఈగను పాయ తలలో వేశాను. దారం నడుము ఎత్తి ఎగువన పడుకోబెట్టాను. ఈగ కదలకుండా, ఎవరి బలవంతమూ లేనట్టు జారిపోయింది. నీళ్ళు ఒక్కసారి ఉబ్బాయి. దారం బిగిసి, రాడ్డుకున్న దారం చుట్టే చక్రం గిర్రున తిరిగింది. ఎంత సేపు లాగానో, ఎంత సేపు వదిలానో తెలియదు, చెయ్యి తిమ్మిరెక్కింది. చివరికి అలిసి పక్కకు తిరిగింది. పెద్ద పొలుసులు, ఇత్తడి రంగు ఒళ్ళు. బావ మహసీర్ అనేవాడే, అది. నేను వంగి దాని నోటి దగ్గర చెయ్యి పెట్టాను.

నోట్లో రెండు ఈగలున్నాయి. ఒకటి నాది. రెండోది పెదవి చివర ఉంది. దానికి మూరెడు తెగిన దారం వేలాడుతోంది. మెడకు నారింజ దారం.

"ఇట్ల తే" అనింది అక్క. తీసి ఆమె అరచేతిలో పెట్టాను. చేప తనంతట తానే జారిపోయింది.

"ఇది నేను కట్టింది."

గాలం తళతళలాడుతోంది. ఈక నిగనిగలాడుతోంది.

"ఏడాది కిందటిదైతే తుప్పు పట్టదా? రాలిపోదా? ఆయన చెప్పినాడు గదా, నాలుగు దినాలు కూడా ఉండదని. చెప్పురా, నువ్వూ నేర్చుకున్నావు గదా."

"అవునక్కా. ఉండదు."

"అట్లయితే ఇది ఎవరేసినారు?"

అక్క నవ్వింది. ఏడాదిలో మొదటిసారి నవ్వింది. పుట్టి ఊగుతున్నా లెక్కచేయకుండా లేచి నిలబడి, "ఏమయ్యా!" అని కేక వేసింది. "ఓ ఏమయ్యా! ఇట్ల రా, ఈడుండాం!" బండలు ఆ కేకను తిప్పి పంపాయి. నాకూ ఏమైందో, నేనూ లేచి "బావా!" అని గొంతు చించుకున్నాను. ఆశ అంత చెడ్డది. ఆ క్షణంలో ఎవరైనా కర్మ మాట ఎత్తి ఉంటే పీక పిసికేవాణ్ణి.

"అరవద్దండప్పా! మీకు దణ్ణం పెడతా, అరవద్దండి" అని గైడు పుట్టిని ఒడ్డు ఇసుకకు కొట్టి, కిందికి దూకాడు. గోనెసంచి ఎత్తి, దాని కింద గుడ్డలో చుట్టింది బయటికి తీశాడు. ముక్కలుగా విప్పిన బావ రాడ్డు. చక్రంతో సహా. పక్కన ఈగల డబ్బా.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నేనూ ఇసుకలోకి దూకి అతని చొక్కా పట్టుకున్నాను. "దొంగ నాయాలా! మేము ఊరూరా తిరిగి వెతుకుతాంటే నువ్వు సామాను దాచిపెట్టుకున్నావా?"

"దాచలేదప్పా. ఆయన చోటులో పెట్టినా" అన్నాడు. "కొట్టేదుంటే కొట్టు, ముందు ఇనుకో. ఇది జమ్ములో తగులుకోనుంటే తెచ్చినా. నీళ్ళల్లో పోయి పీనుగ దొరకనోడికి మేము పుట్టిలో చోటు పెడతాం. మా తాతల నుంచీ ఉండాది. ఆయన సామాను ఆ చోటులోనే ఉండాల. అమాసకు అమాసకు ఆయన బదులు ఒకరు చేపలు పట్టాల. చెయ్యి ఖాళీగా ఉంటే ఇంకొకరి చెయ్యి అడుగుతాడు. వల వేసేటోనికి వల వేస్తాం. ఈయప్ప పట్టి వదిలేటోడు, నేనూ పట్టి వదులుతాండా. మొన్న అమాసకు ఒకటి దారం తెంపుకోని పోయింది. అది ఇదే."

నా చెయ్యి దానంతట అదే అతని చొక్కా వదిలేసింది. అక్క మెల్లగా కూర్చుంది. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. ఏడాది పాటు ఆమె నమ్మింది ఒకవైపు, ఈ కాస్త సేపు మేమిద్దరం నమ్మింది ఒకవైపు. రెండూ ఒక్క మాటతో పోయాయి.

"నాకు చెప్పలేదేం?" అనింది అతనితో.

"ఇంటోళ్ళు వాళ్ళంతట వాళ్ళే రావాలమ్మా. మేము పోయి పిలవకూడదు. నువ్వెప్పుడొస్తావా అని చూస్తాండా. నాకు చేతకావడంలేదు. నేను వల మనిషిని, ఈ బెత్తం విద్య నాకు రాదు. అమాసనాడు మాత్రం వస్తాది." తన కుడి చెయ్యి చాపి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "మీ తమ్ముడు ఇందాక వేసినాడే, అంత సొగసుగా వేస్తాది. నేను వెయ్యడంలేదమ్మా."

పొద్దున్నుంచి ఒక్క కొమ్మకూ తగలని నా చెయ్యి గుర్తొచ్చి, దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"ఇప్పుడు ఏం చెయ్యాల?" అనింది అక్క.

"ఒక్క మాట అనాల. ఆయన పెండ్లామే అనాల. ఆ చోటు చూసి 'సాకు, హోగు' అను. చాలు, పో అని. పోతాడు. నాకూ విడుదలైతాది."

చూశారా, ఏడాదిగా నేను అడిగింది ఇదే. ఒక్క మాట. దేవుడే అతని నోట పలికించాడనుకోవాలి నేను. "చెప్పెయ్యక్కా" అన్నాను కూడా. కానీ లోపల నుంచి ఎవరో వద్దు వద్దు అంటున్నారు.

బండల నీడలు ఇసుక మీదికి వచ్చాయి. అప్పుడు అక్క చెంగు భుజం మీదికి లాక్కుని, ఖాళీ చోటు వైపు తిరిగి, రోజూ ఇంట్లో విసుక్కునే గొంతుతో అనింది:

"ఎంతసేపు కూర్చుంటావు? ఏరు యాడికీ పోదు. లెయ్. దిగు, ఇంటికి పోదాం."

"అమ్మా, అట్ల కాదు!" గైడు కేక పెట్టాడు. "పొమ్మనాల! రమ్మనగూడదు!"

ఆమె వినిపించుకోలేదు. తను ముందు దిగి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. పుట్టిలో ఎవరూ లేరు. గైడు ఇసుకలోనే ఉన్నాడు, నేనూ ఇసుకలోనే ఉన్నాను. పుట్టి ఒక్కసారి ఊగి, మట్టంగా నిలబడింది. నేను నా కళ్ళతో చూశాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

గైడు రెండు చేతులూ జోడించి, నీళ్ళల్లోకి వెనక్కి వెనక్కి నడిచాడు.

చెరకు తోట గట్టు మీద నేను ముందు నడిచాను. వెనక అక్క గాజుల చప్పుడు వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు, చూసే దమ్ము లేదు. కారు దగ్గర అక్క వెనక తలుపు తెరిచి, కాసేపు పట్టుకుని నిలబడి, మూసింది. చుట్టూ తిరిగి అవతలి తలుపు నుంచి ఎక్కింది.

రోడ్డెక్కాక గాని నాకు నోరు రాలేదు. వచ్చాక ఆగలేదు. "ఏం చేస్తివక్కా నువ్వు? పంపించమంటే పిలుచుకోని వస్తివి! ఇప్పుడు పెద్దోళ్ళకు ఏం చెప్పాల? కర్మ ఏం కావాల?"

"ఇంటికి రానోణ్ణి యాడికని పంపేదిరా?" అనింది. గొంతు నెమ్మదిగా ఉంది. "ఏడాదిగా మీరంతా పంపు పంపు అంటాండారు. ఏట్లో ఉండేటోణ్ణి ఏట్లోనుంచే పొమ్మంటే మనిషికి ఎట్లుంటాది? ఈ పూట ఇంట్లో ఉండనీ. రేపు పొద్దున అయ్యవారిని పిలువు. నేనే కూర్చోని చేయిస్తా. గాజులు కూడా నేనే తీస్తా, ఎవ్వరూ ముట్టుకోవద్దండి."

అప్పుడు ఏడ్చింది. ఏడాది ఏడుపు. నేను కారు నడుపుతూనే ఉన్నాను, రోడ్డు కనబడకపోయినా నడుపుతూనే ఉన్నాను.

ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. అక్క కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడైంది, పప్పు తాలింపు వాసన వచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఆకలి దంచేస్తోంది. అక్క పీట వేసి, కంచం పెట్టి, అన్నం వడ్డించి, నెయ్యి వేసింది. నేను పోయి పీట మీద కూర్చోబోయాను.

"నీకు కాదురా" అనింది. "నువ్వు ఆగు, తర్వాత పెడతా."

నేను పక్కకు జరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాను.